పదకొండో వార్డు దవనం

పద్మలోచని మా ఊరి మున్సిపాలిటీలో జనన మరణాల గుమాస్తా. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆమె చేతిరాతలోనే. ఆమె కుర్చీ పక్క కిటికీ తెరిస్తే మురుక్కాలవ, మూస్తే ఉక్కపోత. అందుకని కిటికీ తెరిచే ఉంచి, దోమలకి వేరే ఉపాయం చూసుకుంది.

ఇంటి మేడ మీద పగిలిన బకెట్లలో, అడుగు పోయిన కుక్కర్లలో తులసి, మరువం, దవనం పెంచేది. పూత రాకముందే కొమ్మలు తుంచి, వారం రోజులు నీడన ఆరబెట్టి, మూడూ కలిపి జానెడు కట్టలుగా నూలుదారంతో చుట్టేది. మరీ బిగిస్తే ఆరిపోతుంది, వదులైతే భగ్గుమంటుంది. ఆ మధ్య బిగువు చేతికి తెలియాలి. కొస అంటించి మంట ఊదేస్తే గంటసేపు సన్నగా పొగ వస్తుంది. దోమలు పోతాయి. ఆమెకి కావలసింది అంతే.

మా కమిషనర్ నిరంజన్ గారు ఆ కార్తీకమాసంలో ఏదో కొండ మీద ఐదు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ పేరు సానుకూల పరిపాలన. పాత ఫైళ్ళలో, బీరువాల వెనక ప్రతికూల శక్తి పేరుకుపోతుందనీ, ఆఫీసుల్లో పనులు జరగకపోవడానికి అదే కారణమనీ అక్కడ ఆయనకి చెప్పారు. ఇన్నాళ్ళూ ఆ కారణం ఏమిటో తెలియక బాధపడుతున్న మనిషి కాబట్టి వెంటనే నమ్మారు.

సోమవారం అర్జీల రోజు. బయట ముసురు. పద్మలోచని తెచ్చిన కట్ట కాస్త చెమ్మగా ఉంది. అంటించేసరికి పొగ కిటికీలోంచి పోకుండా, గాలివాటానికి లోపలికి తిరిగి, జనం కూర్చున్న హాలంతా నిండింది. జనం దగ్గారు, కళ్ళు తుడుచుకున్నారు, ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. మామూలుగా నూట నలభై అర్జీలు వస్తాయి. ఆ రోజు ముప్ఫై ఒకటి.

కమిషనర్ ఆ అంకె చూసి మేనేజర్ శేషాచలపతిని పిలిచారు. శేషాచలపతి ఏ సంగతీ తెలియకపోయినా జవాబు మాత్రం తెలిసిన మనిషి.

"ఒక్క వారంలో ఊళ్ళో సమస్యలు నూట తొమ్మిది తగ్గాయి. ఏం చేశారు మీరు?"

"పద్మలోచని గారు పొగ వేశారు సార్."

ఆమెని లోపలికి పిలిచారు. కమిషనర్ లేచి నిలబడ్డారు. ఆయన గుమాస్తాల కోసం లేవడం అదే మొదటిసారి.

"ఇదేంటి మేడం?"

"దోమలకండి."

"దోమలకి కాదు. మీకు తెలియకుండానే మీరు ఒక పరిపాలనా సంస్కరణ చేశారు."

"లేదండి, దోమలకేనండి. కట్ట చెమ్మగా ఉండి పొగ ఎక్కువొచ్చింది."

"చెమ్మ," అని ఆయన డైరీలో రాసుకున్నారు.

బుధవారానికి ఉత్తర్వు వచ్చింది. 'పౌర సౌగంధ్య పథకం అమలు నిమిత్తం, కార్యాలయ సిబ్బంది యావన్మందీ తమ తమ గృహములందు తులసి, మరువం, దవనం అను మూడు రకముల సుగంధ మొక్కలను స్వహస్తములతో పెంచి, ప్రతి సోమవారం తలా ఒక ధూపకట్టను సమర్పించవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది.' శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి సౌగంధ్య పర్యవేక్షకుడని కొత్త హోదా ఇచ్చారు. కాలవలు తీసే పనివాళ్ళని తెచ్చి కుండీలు మోయించారు. ఇంజనీరింగు వాళ్ళు మాత్రం మొక్కల పెంపకం రోడ్ల కాంట్రాక్టరుకి అప్పజెప్పారు. అతను పెంచిన మరువం వారానికే కుంగిపోయింది.

కట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే బాధ్యత పద్మలోచని మీద పడింది. వద్దంటే శేషాచలపతి, "సంస్కర్తలు వెనకడుగు వెయ్యకూడదండి," అన్నాడు.

తరవాతి సోమవారం, మొక్కలు ఎదిగేదాకా ఆగలేక బజారులో కొని చుట్టిన కట్టలు నలభై ఒకేసారి వెలిగించారు. అర్జీలు పంతొమ్మిదికి దిగాయి. ఆ పంతొమ్మిదిమందీ ముక్కుకి తువ్వాలు కట్టుకుని వచ్చినవాళ్ళు. కమిషనర్‌కి తృప్తి కలగలేదు. ప్రతికూల శక్తి ఆఫీసులో పుట్టడం లేదు, బయటినుంచి అర్జీలతో పాటు వస్తోందని తేల్చారు. ఇక మీదట అర్జీ ఇచ్చే ప్రతి పౌరుడూ తానే పెంచిన మొక్కలతో, తానే చుట్టిన కట్టను ఆఫీసు గుమ్మంలో వెలిగించి, అది పూర్తిగా కాలాకే అర్జీ ఇవ్వాలి. బజారు సరుకు చెల్లదు.

ఈ నిబంధన వచ్చిన మొదటి సోమవారమే గాబ్రియేలు మాస్టారు వచ్చారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ నడుం వంచకుండా నడుస్తారు. ఉండేది పదకొండో వార్డు, పాత రేవు వీధి. చేతిలో సీసా. సీసాలో పసుపు రంగు నీళ్ళు. తిన్నగా పద్మలోచని బల్ల మీద పెట్టారు.

"మేడం గారూ, మా వీధి కుళాయిలో పట్టానండి. ఒక్కసారి వాసన చూడండి."

ఆమె మూత తీసి, గభాల్న మూసేసింది.

"మంచినీళ్ళ గొట్టం కాలవలోంచి పోతాదండి. అక్కడెక్కడో పగిలుంటాది. నలుగురికి ఇప్పటికే కళ్ళు పచ్చబడ్డాయి. ఒక ప్లంబర్ని పంపిస్తే చాలు."

శేషాచలపతి అటుగా వచ్చాడు. "మాస్టారూ, అర్జీతో ధూపకట్ట జతపరచలేదే?"

"ధూపమెందుకండీ? నాకు కావలసింది ప్లంబరు."

"అర్జీ అనేది మూలతః ప్రతికూల భావం. శుద్ధి చెయ్యకుండా లోపలికి తెస్తే సిబ్బంది మనోస్థైర్యం దెబ్బతింటుంది. మొక్కలు పెంచుకుని రండి."

మాస్టారు పద్మలోచని వైపు తిరిగారు. "దవనం ఎదగడానికి ఎన్నాళ్ళు పడతాదండి?"

ఆమె తల ఎత్తకుండా చెప్పింది. "మూడు నెలలండి మాస్టారూ."

"మూడు నెలలూ ఈ నీళ్ళే తాగమంటారా?"

"మొక్కలకీ అవే పొయ్యండి," అన్నాడు శేషాచలపతి, పెద్ద మనసుతో.

ఆ సాయంత్రం పద్మలోచని తన మేడ మీది మొక్కల్లోంచి నారూ కొమ్మలూ తీసి, తడిగుడ్డలో చుట్టి, రిక్షాలో పాత రేవు వీధికి పట్టుకెళ్ళింది. ఆ వీధిలో అరవై ఇళ్ళు. చేపలమ్మే నూకరత్నం అందరికీ పంచిపెట్టింది. డబ్బాల్లో, పాత బిందెల్లో, ఐసు పెట్టెల్లో నాటారు. పద్మలోచని ఇంటింటికీ వెళ్ళి ఎంత ఎండ తగలాలో, ఎప్పుడు తుంచాలో చెప్పింది. మూల ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న సంతోషి అనే అమ్మాయికి నాలుగో నెల. "దారం నాకాడ బోలెడుందండి. వీధందరికీ కట్టలు నేనే చుట్టేత్తాను," అంది. "ఎవరి కట్ట వాళ్ళే చుట్టాలమ్మా, రూలు," అని చెప్పి, చెప్పినందుకు తనే సిగ్గుపడింది పద్మలోచని.

మూడు నెలల్లో రెండు సంగతులు జరిగాయి. వీధిలో పదిహేడుమంది పచ్చకామెర్లతో పడుకున్నారు. మొక్కలు మాత్రం విరగబడి పెరిగాయి.

ఇందులో వింతేం లేదు. మురుగుని మించిన ఎరువు లేదు. ఊళ్ళో మిగతా చోట్ల దవనం జానెడు లేస్తే, పాత రేవు వీధిలో మోకాలెత్తు లేచింది. తులసి ఆకులు అరచేతంత అయ్యాయి. ముక్కు మూసుకుని పోసిన నీళ్ళకి ముక్కు పగిలేంత సువాసన వచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కొలబద్దతో వచ్చి కొలిచి, ఫొటోలు తీసి పంపించాడు. పదకొండో వార్డుని ఆదర్శ సౌగంధ్య వార్డుగా ప్రకటించారు.

కమిషనర్ శాలువాలతో వీధిలోకి వచ్చారు. మొక్కల మధ్య నిలబడి గుండెల నిండా గాలి పీల్చారు. నూకరత్నం ఇంటి ముందు ఆగి, "ఏం ఎరువు వేస్తున్నారమ్మా?" అని అడిగారు.

"ఎరువేటి బాబూ, తవఁరి కుళాయి నీళ్ళే."

ఆయన కళ్ళు చెమర్చాయి. "విన్నారా శేషాచలపతి గారూ?"

"రాసుకున్నాను సార్."

గాబ్రియేలు మాస్టారు ముందుకొచ్చారు. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో రూలు ప్రకారం చుట్టిన కట్ట. "సార్, మొక్క పెంచాను, కట్ట చుట్టాను, ఇదిగో వెలిగిస్తున్నాను. ఇప్పుడైనా ఈ నీళ్ళు చూడండి. పదిహేడుమంది మంచాన ఉన్నారు."

కమిషనర్ సీసా అందుకోలేదు. ఎంతో మర్యాదగా మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. "మాస్టారూ, మీరు చదువుకున్నవారు. నీళ్ళలో దోషం ఉంటే మొక్క ఇలా పెరుగుతుందా? మనుషులు అబద్ధం చెప్తారు. మొక్క చెప్పదు."

మర్నాడు ఇంకో ఉత్తర్వు. 'పదకొండవ వార్డు నందలి నీటి నాణ్యత సదరు వార్డు దవనముచే ధ్రువీకరింపబడినందున, ఇకపై ఆ విషయమై వచ్చు అర్జీలు విచారణార్హములు కావు.'

ఫిబ్రవరి రెండో వారంలో సంతోషికి కళ్ళు పచ్చబడ్డాయి. అప్పటికి ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు ఎంత చేటో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాక గానీ వాళ్ళాయనకి తెలియలేదు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు. పదమూడో రోజు తల్లీ లేదు, బిడ్డా లేదు.

రిజిస్టరులో రాయించడానికి అతని తరఫున మాస్టారే వచ్చారు. అతను వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పద్మలోచని పేరు రాసింది. వయసు ఇరవై నాలుగు. ఆసుపత్రి కాగితం చూసి, కారణం దగ్గర పచ్చకామెర్లు అని రాసింది. కలం పక్కన పెట్టింది.

శేషాచలపతి భుజం మీంచి వంగి చూశాడు. "పద్మలోచని గారూ, కారణం దగ్గర కొంచెం ఆలోచించాల్సింది. ఇలా రాస్తే నీటి మీదకి వస్తుంది. అది ఆదర్శ వార్డు."

"డాక్టరు రాసింది రాశానండి."

"ఆ ఇంట్లో ధూపం క్రమం తప్పకుండా వేసేవారో లేదో విచారించారా?"

ఆమె సిరా ఆరాక ముద్ర వేసి, కాగితం మాస్టారి చేతిలో పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో మేనేజర్ మాటకి ఆమె జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

శేషాచలపతి ఊరికే కూర్చోలేదు. విచారణకి మనిషిని పంపాడు. పన్నెండు రోజులు ఆ ఇంటికి తాళం ఉండటాన నీళ్ళు లేక మూడు కుండీలూ ఎండిపోయాయని నివేదిక వచ్చింది. సంతోషి పెద్దకర్మ నాడు వాళ్ళ తలుపుకి నోటీసు అంటించారు. 'తమ నిర్లక్ష్యము వలన ఆదర్శ వార్డునందు మూడు మొక్కలు మరణించినందుకు ఏడు దినములలోగా సంజాయిషీ తెలియజేయవలెను.'

ఆ నోటీసు కాపీ పద్మలోచని బల్ల మీదకి కూడా వచ్చింది. మరణాల విభాగం కదా.

ఐదు కొట్టగానే ఆమె తిన్నగా పాత రేవు వీధికి వెళ్ళింది. నూకరత్నం అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మాస్టారు నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోమనలేదు.

"మళ్ళీ ఏటమ్మగారూ? ఇంకేటైనా నారు తెచ్చారా?" అంది నూకరత్నం.

"ఇదంతా నా వల్లే మొదలైందమ్మా," అంది పద్మలోచని. "దోమలకి వేసుకున్న పొగ ఇంత దూరం వస్తుందనుకోలేదు."

నూకరత్నం చాలాసేపు ఆమెకేసి చూసి, కాస్త పక్కకి జరిగింది. పద్మలోచని కూర్చుంది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారు మాస్టారు. "ఏడు అర్జీలు పెట్టాను. తీసుకోరు."

"మనుషుల గురించి పెట్టారు మాస్టారూ. మొక్కల గురించి పెట్టండి. మనుషులు పోతే ఎవరూ రాలేదు. మూడు మొక్కలు పోతే నోటీసు వచ్చింది. అన్నీ పోతే పరిగెత్తుకుంటూ వస్తారు."

"మొక్కలు లక్షణంగా ఉన్నాయి కదండీ."

"అదే చిక్కు."

నూకరత్నం లేచి లోపలికి వెళ్ళింది. వార్చిన గంజి, పొగలు కక్కుతున్నది, గిన్నెతో సహా తెచ్చింది. గుప్పెడు ఉప్పు వేసి, తన గుమ్మం ముందు మోకాలెత్తు దవనం మొదట్లో తిన్నగా పోసింది. ఆకులు చూస్తూ ఉండగానే వాలిపోయాయి. మంచి వాసన గుప్పుమంది. పద్మలోచని మొహం పక్కకి తిప్పుకుంది. ఆ నారు తన చేతులతో తీసింది. పాతికేళ్ళుగా ఒక్క మొక్కకి కూడా వేడినీళ్ళు తగలనివ్వని మనిషి.

"పొయ్యండి," అంది మిగతావాళ్ళతో, మొహం తిప్పకుండానే. "వేడిగా ఉండగానే పొయ్యండి."

మూడు రోజుల్లో అరవై ఇళ్ళ ముందూ గోధుమరంగు పుల్లలు మిగిలాయి. అర్జీ పద్మలోచని రాసింది, మాస్టారు సంతకం పెట్టారు. 'విషయం: ఆదర్శ వార్డునందు సుగంధ మొక్కల సామూహిక మరణం గురించి. ఆర్యా, సదరు వార్డునందు కుళాయి నీటిని పోసిన వెంటనే నూట ఎనభై మొక్కలు ఆకస్మికముగా మరణించినవని తెలియజేయుటకు మిక్కిలి విచారిస్తున్నాము.'

శేషాచలపతి అది చదివి కుర్చీలోంచి లేచిపోయాడు. ధూపకట్ట ఏదని అడగడం కూడా మరిచిపోయాడు. కారణం ఉంది. ఆదర్శ వార్డుని చూడటానికి రాజధాని నుంచి ఉన్నతాధికారుల బృందం గురువారం వస్తోంది. ఆ రోజు సోమవారం.

అరగంటలో కమిషనర్ పాత రేవు వీధిలో ఉన్నారు. ఎండిన దవనాన్ని వేళ్ళతో తాకారు. పుల్ల పుటుక్కున విరిగింది. "ఇంత దారుణం జరుగుతుంటే ఎవరూ చెప్పలేదేం?" అని అరిచారు. "ఈ నీళ్ళు పరీక్ష చేయించారా? ఇలాంటి నీళ్ళు మొక్కలకి పోస్తారా? మీకు మనసు లేదా?"

"పొరపాటైపోయింది బాబూ," అంది నూకరత్నం.

మధ్యాహ్నానికి నలుగురు ఇంజనీర్లు, పదహారుమంది పనివాళ్ళు, రెండు తవ్వే యంత్రాలు వచ్చాయి. కాలవ తోడారు. మంచినీళ్ళ గొట్టం మూడు చోట్ల విరిగి, మురుగులో నోరు తెరుచుకుని ఉంది. సాయంత్రానికి కొత్త గొట్టం కాలవకి దూరంగా వేరే దారిన వేశారు. అంతవరకూ ఆగితే నాటబోయే కొత్త మొక్కలు ఏమైపోతాయోనని మంచినీళ్ళ ట్యాంకరు కూడా తెప్పించారు. బిందెలు పట్టుకుని పరిగెత్తిన జనాన్ని డ్రైవరు ఆపేశాడు. "ఇది మొక్కలకండి. మనుషులకని నాకు ఆర్డరు లేదు." నాలుగు నెలల పనీ తొమ్మిది గంటల్లో అయిపోయింది. నర్సరీ నుంచి తెచ్చిన ఎదిగిన మొక్కలు రాత్రికల్లా కుండీల్లో నిలబడ్డాయి.

బుధవారం పొద్దున్న వీధి కుళాయి దగ్గర పచ్చ బోర్డు వెలిసింది. 'సుగంధ మొక్కల రక్షిత మంచినీటి పథకం. ఈ నీరు మొక్కల అవసరములకు మాత్రమే. అన్యులు వాడినచో చర్య తీసుకోబడును.' పక్కన స్టూలు వేసుకుని ఒక కాపలాదారు. అతని దగ్గర రిజిస్టరు. అందులో రెండు గళ్ళు: మొక్క పేరు, నీటి పరిమాణం.

మాస్టారు బోర్డు రెండుసార్లు చదివారు. ఇంటికి వెళ్ళి తులసి కుండీ చంకన పెట్టుకుని వచ్చి, రెండో చేత్తో బిందె పట్టారు.

"ఒక్క తులసికి బిందెడు నీళ్ళాండీ?" అన్నాడు కాపలాదారు.

"దాహం ఎక్కువ దీనికి," అన్నారు మాస్టారు.

అతను రాసుకున్నాడు. గంటలో వీధి వీధంతా కుండీలు ఎత్తుకుని వరసలో నిలబడింది. గురువారం వచ్చిన బృందానికి కనిపించింది ఆ వరసే: ఆడా మగా, ముసలీ ముతకా, ఒక్కొక్కరి చంకలో ఒక్కో మొక్క. బృందంలో పెద్దావిడ, "మొక్కల మీద ఇంత ప్రేమ నా సర్వీసులో చూడలేదు," అంది. పథకాన్ని మిగతా పట్టణాలకీ విస్తరించాలని అక్కడే సంతకం పెట్టింది. నిరంజన్ గారు దానికే అధిపతిగా రాజధానికి వెళ్ళారు. వెళ్ళేముందు పద్మలోచనికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని సొరుగులో బోర్లా పెట్టింది.

పచ్చకామెర్లు ఆగిపోయాయి. కుళాయి నీళ్ళు తేటగా వస్తున్నాయి. కాపలాదారు మాత్రం ఉన్నాడు. శేషాచలపతి నిరంజన్ గారి వెంటే వెళ్ళిపోవడంతో వచ్చిన కొత్త మేనేజర్‌కి రూళ్ళంటే మరీ పట్టింపు. చంకలో కుండీ ఉంటే చాలదు, రిజిస్టరులో మొక్క పేరు గడిలో రాసే పేరుకి ముద్ర వేసిన ఆధారం చూపించాలని కొత్త నిబంధన పెట్టాడు.

మే నెలలో ఒక రోజు నూకరత్నం జనన మరణాల విభాగానికి వచ్చింది. చేతుల్లో పది రోజుల మనవడు. పద్మలోచని బిడ్డని చూసి నవ్వి, రిజిస్టరు తెరిచింది.

"మగపిల్లాడా? ఏం పేరమ్మా?"

"దవనం రాజండి."

కలం ఆగింది. ఆ వారంలో అదే వీధి నుంచి ఇద్దరు తులసులూ ఒక మరువం బాబూ వచ్చారు. ఆమె తల ఎత్తి చూసింది. నూకరత్నం బిడ్డ మొహం మీద వాలబోయిన దోమని కొంగుతో తోలుతోంది.

"రాయండమ్మగారూ. ముద్ర కూడా గట్టిగా ఎయ్యండి, కుళాయి కాడ చూపించాల. నీళ్ళు తాగి బతకాల గదండీ పిల్లోడు."

పద్మలోచని తప్పు లేకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది.